పనిచేస్తుందా, లేదా

"ల్యాబ్ ఖాళీ చేస్తున్నాం మేడమ్. మీ బ్యాచ్ నాటి సామాన్లేవో ఉన్నాయి. ఒకసారి వచ్చి ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్తారా?" అని డిపార్ట్‌మెంట్ నుంచి ఫోనొచ్చింది. వెళ్ళాను.

నేలమాళిగలో ఆ గది నా జ్ఞాపకంలో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. గోడవారన రెండు స్టీలు బీరువాలు. మొదటిదాని తాళం తుప్పుపట్టి తిరగనంది. రెండోదాని తలుపు లాగగానే గుప్పుమంది వాసన. మెషీన్ ఆయిలు, పాత ప్రింటర్ కాగితం, ఏళ్ళ తరబడి వేడెక్కుతూ చల్లారుతూ గడిపిన దుమ్ము. విడివిడిగా ఏ ఒక్కటీ ఏమీ కాదు. మూడూ కలిస్తే మాత్రం నాకు మళ్ళీ ఇరవై మూడేళ్ళు.

పై అరలో, చమురు గుడ్డలో చుట్టి ఉంది మా ఫోర్ బార్ బొమ్మ. ఇనప పలక మీద మూడు కడ్డీలు, నాలుగు పిన్నులు. పలకే నాలుగో కడ్డీ కింద లెక్క. చిన్న కడ్డీకి ఒక పిడి. నా చెయ్యి నన్నడక్కుండానే ఆ పిడి మీదికి వెళ్ళింది.

* * *

మేం చేసే పనిని మల్టీబాడీ డైనమిక్స్ అంటారు. ఇంట్లోవాళ్ళకి చెప్పాల్సొచ్చినప్పుడు "కీళ్ళ లెక్కలు" అనేదాన్ని. అది అబద్ధమేం కాదు. వాహనం సస్పెన్షన్ అయినా, క్రేను చెయ్యి అయినా, రైలు పెట్టె కింద చక్రాలుండే చట్రం అయినా, మనిషి మోకాలు అయినా మాకు ఒకటే. కొన్ని గట్టి ముక్కలు, వాటిని కలిపే కొన్ని కీళ్ళు. ఒకచోట బలం పడితే మిగతావన్నీ ఎలా కదులుతాయి, ఏ కీలు మీద ఎంత భారం పడుతుంది అన్నదే ప్రశ్న. ముక్క ఒక్కటే అయితే న్యూటన్, ఆయిలర్ ఎప్పుడో తేల్చేశారు. పది ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని లాక్కుంటుంటేనే గొడవంతా.

మా జట్టు ఏడుగురు. సార్‌ని కలిపితే ఎనిమిది. మేం ఏ ఫలితం పట్టుకెళ్ళినా ఆయన నోట వచ్చే మొదటి మాట "చూద్దాం". బాగుంది అనరు, బాగాలేదు అనరు. కాగితం అందుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, "చూద్దాం". అందుకని ఆయన వెనక మేం పెట్టుకున్న పేరు చూద్దాం సార్. ఆ సంగతి ఆయనకి తెలుసని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

* * *

ఆ గదిలో అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది ప్రింటరు చప్పుడు.

అప్పట్లో ప్రోగ్రాం రాసిన వెంటనే నడిపించి చూసుకునే భాగ్యం లేదు. పెద్ద కంప్యూటర్‌కి పని పంపించి, వరసలో మన వంతు కోసం కాచుకోవాలి. పెద్ద రన్‌లన్నీ రాత్రిపూటే. పక్క గదిలో ప్రింటరు ఉండేది. తలుపు వేసి ఉన్నా దాని చప్పుడుని బట్టే మా జాతకం తెలిసిపోయేది. రన్ సజావుగా సాగితే టైము, కోణం, వేగం, బలం అంటూ అంకెల పట్టిక బారులు తీరి, కరకరమని నిమిషాల తరబడి కొట్టుకుంటూనే ఉండేది. రన్ మధ్యలో చస్తే కర్, కర్ మని రెండు వరసలు కొట్టి ఊరుకునేది. ఆ రెండు వరసల తర్వాత వచ్చే నిశ్శబ్దం ఉంది చూశారూ, అంత బరువైన నిశ్శబ్దం తర్వాత ఎక్కడా వినలేదు. వసారాలో కూర్చున్న ఏడుగురిలో అది ఎవరి రన్నో వాళ్ళు తలొంచుకునేవాళ్ళు. మిగతా ఆరుగురం ఎటో చూసేవాళ్ళం.

భాష ఫోర్‌ట్రాన్ 77. దాని చాదస్తాలు ఇప్పటి పిల్లలకి చెప్తే కథలనుకుంటారు. ఐ నుంచి ఎన్ దాకా ఉన్న అక్షరాలతో మొదలయ్యే పేరేదైనా, మనం వేరేగా చెప్పకపోతే, పూర్ణాంకమే. ద్రవ్యరాశి కదా అని ముచ్చటగా ఎం అని పేరు పెడితే, రెండున్నర కిలోల కడ్డీ చప్పుడు చెయ్యకుండా రెండు కిలోలైపోయేది.

అంతకన్నా ఘోరం డెబ్బై రెండో నిలువు గడి. వరసలో 72 అక్షరాలు దాటాక ఏం రాసినా కంపైలరు పట్టించుకోదు. తప్పు అని కూడా అనదు. వాహనంలో ఒక చక్రం వాటాకి వచ్చే 250 కిలోలకి స్ప్రింగు గట్టితనం 20000 అని రాశాను, మీటరుకి న్యూటన్లలో. వరస చివర పడింది ఆ అంకె. చివరి సున్నా 73వ గడిలో కూర్చుంది. కంప్యూటర్‌కి అందింది 2000. పన్నెండు సెంటీమీటర్లు దిగి నిలవాల్సిన బాడీ మీటరుకి పైగా దిగి, చక్రాన్ని దాటి, నేలని దాటి, పాతాళానికి పోయింది. స్ప్రింగు ఎక్కడిదాకా నొక్కుకోగలదో, నేల ఎక్కడుందో మేం చెప్పలేదు కాబట్టి దానికి అడ్డేం లేదు. వారం రోజులు సమీకరణాలన్నీ మళ్ళీ రాసి చూశాను. ప్లస్, మైనస్ గుర్తులు మార్చి చూశాను. చివరికి మా సీనియర్ అన్న కాగితం మీద స్కేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టాడు. ఏమీ అనలేదు. పెన్సిల్‌తో ఆ సున్నా చుట్టూ సున్నా చుట్టి వెళ్ళిపోయాడు.

* * *

సార్ పెట్టిన నియమం ఒకటే. కొత్తగా ఏ ప్రోగ్రాం రాసినా, ముందు లోలకం.

నువ్వు రాసింది ఇరవై ముక్కల ఎక్స్‌కవేటర్ కోసం కావచ్చు, సరే. ముందు మీటరు పొడుగు లోలకం ఊపి చూపించు. చిన్న ఊపుకి రెండు సెకన్లకి ఓ వెంట్రుకవాసి ఎక్కువ, 2.006 రావాలి. తర్వాత తొంభై డిగ్రీల దాకా ఎత్తి వదిలి చూపించు. ఇప్పుడది 18 శాతం పెరిగి 2.37 దగ్గరికి రావాలి. మొదటిది వచ్చి రెండోది రాకపోతే ఎక్కడో సైన్ తీటా బదులు తీటా రాశావన్న మాట. బడిలో నేర్చుకున్న సూత్రం చిన్న ఊపులకే పనికొస్తుందని మాలో సగం మంది మరిచిపోయే ఆ ల్యాబ్‌లో అడుగుపెట్టాం. నేనూ ఆ సగంలోదాన్నే.

ఒకసారి ఎవరో "ఇంత చిన్నదానికి చెకింగ్ ఎందుకు సార్" అన్నారు. ఆయన మాట్లాడకుండా లేచి, దారానికి ఒక బోల్టు కట్టి, కిటికీ చువ్వకి వేలాడదీసి, చేతిగడియారం విప్పి నా చేతికిచ్చారు. ఎనిమిది మందిమీ నిలబడి ఇరవై ఊపులు లెక్కపెట్టాం. నలభై సెకన్లు. "ఇది ఫోర్‌ట్రాన్ రాదు పాపం, అయినా తప్పు చెయ్యలేదు" అన్నారు. ఆ బోల్టు ఆ చువ్వకి చాలాకాలం అలాగే ఉండిపోయింది. గాలికి ఊగుతుండేది.

లోలకంతోనే ఇంకో పాఠం కూడా అయింది. కడ్డీ పొడవు మారకూడదన్నది షరతు. కానీ మేం లెక్క కట్టేది త్వరణాలతో. వాటిని రెండుసార్లు కూడితే స్థానం వస్తుంది. ప్రతి అడుగులోనూ చేరే పిసరంత తప్పుని వెనక్కి లాగేవాళ్ళు లేరు. మొదటి రన్‌లో మీటరు కడ్డీ పది సెకన్లలో మూడు సెంటీమీటర్లు సాగింది. ఇనుము రబ్బరైపోయింది! మందు 1972లోనే బౌమ్‌గార్టె అనే పరిశోధకుడు చెప్పి ఉన్నాడు. షరతు ఎంత తప్పిందో ఆ తప్పుకే ఒక స్ప్రింగు, ఊపుని అణిచే ఒక డాంపరు లెక్కలో తగిలించి వెనక్కి లాగడం. ఎంత గట్టిగా లాగాలన్నది మాత్రం ఎవరి చేతివాటం వాళ్ళది. మరీ మెత్తగా అయితే కడ్డీ సాగుతుంది. మరీ గట్టిగా అయితే లెక్క బిగుసుకుపోయి, టైమ్ స్టెప్ నలుసంతైపోయి, రన్ తెల్లారినా తెమలదు. ఆ లాగుడు అంకె విషయంలో సీనియర్ అన్నకి ఐదు మీద నమ్మకం. పెన్నుతో బొమ్మలు గీసే యంత్రం, ప్లాటరు, చూసుకునే అమ్మాయికి ఇరవై మీద. ఇద్దరూ దీని మీద పోట్లాడుకుని రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఇది వట్టి ఇంజనీర్ల చాదస్తం కాదని 1982లో లిండా పెట్జోల్డ్ రాసిన వ్యాసం చదివాక తెలిసింది. షరతులు కలిసిన ఈ అవకలన సమీకరణాలు మామూలు అవకలన సమీకరణాలు కావని ఆ వ్యాసం పేరే చెప్తుంది. సార్ దాని మొదటి పేజీని తలుపు లోపలివైపు అంటించారు. బయటికి పోయే ప్రతివాడూ చదవాలట.

* * *

బొమ్మ సంగతి చెప్తాను.

అప్పటిదాకా మా ప్రోగ్రాం కాగితం మీది బొమ్మలాగా ఒకే తలంలో కదిలే యంత్రాలకే. ఆ ఏడు దాన్ని మూడు దిక్కులకీ పెంచాం. ఐదు నెలల పని. లోలకం పాసైంది. తర్వాతి పరీక్షగా ఫోర్ బార్ పెట్టాం. మెకానిజంలలో అదే ఓనమాలు కదా, అదేం పని పడుతుందిలే అనుకున్నాం. ప్రింటరు కర్, కర్ మని ఆగిపోయింది. మాట్రిక్స్ సింగ్యులర్ అట, అంటే ఈ సమీకరణాలకి ఒక్క జవాబంటూ తేలదని.

చేత్తో లెక్క కట్టాం. తలంలో అయితే కదిలే ముక్కలు మూడు, ఒక్కోదానికి మూడు స్వేచ్ఛలు (అడ్డంగా జరగడం, నిలువుగా జరగడం, తిరగడం), మొత్తం తొమ్మిది. పిన్నులు నాలుగు, ఒక్కోటీ రెండు లాగేసుకుంటుంది, ఎనిమిది. మిగిలింది ఒకటి. పిడి తిప్పితే మిగతావన్నీ తిరుగుతాయి, సరిపోయింది. మూడు దిక్కుల్లో అయితే ముక్కకి ఆరు చొప్పున పద్దెనిమిది. పిన్ను ఐదు చొప్పున లాగేస్తుంది, ఇరవై. మిగిలింది మైనస్ రెండు. అంటే ఈ యంత్రం కదలకూడదు. కదలకపోగా, రెండు షరతులు ఎక్కువ.

ఎవరి లెక్క తప్పో తేలక మధ్యాహ్నమంతా అరుచుకున్నాం. సార్ వచ్చారు. ప్రింటవుట్ చూశారు. "చూద్దాం" అని, ఈ బీరువా తెరిచి, ఈ బొమ్మ తీసి, ప్రింటవుట్ మీదే పెట్టి, నా వైపు తిరిగి "తిప్పమ్మా" అన్నారు.

తిప్పాను. తిరిగింది. పిన్నులు చిన్నగా కిచకిచమన్నాయి. అందరం నవ్వాం. కంప్యూటర్ ఓడిపోయిందనుకున్నాం.

ఆయన నవ్వలేదు. ప్రింటర్ కాగితం అంచున చిల్లులుండే పట్టీ చించి, నాలుగైదు మడతలు పెట్టి, ఒక పిన్ను దిమ్మ బోల్టులు వదులు చేసి, దాని కింద ఒక పక్కకి దూర్చి, మళ్ళీ బిగించారు. పిన్ను ఎంత వాలిందో కంటికి తెలియనంత. "ఇప్పుడు తిప్పు."

పావు చుట్టు తిరిగి బిగుసుకుపోయింది.

"అది మైనస్ రెండు అంది. నిజమే చెప్పింది. నాలుగు పిన్నులూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి కాబట్టి ఇంతసేపూ ఇది మీ మీద దయతలిచి తిరిగింది" అన్నారు. అంత పొడుగు మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

తర్వాత దారి తనే చూపించారు. ఒక పిన్ను తీసి గుండు కీలు పెట్టండి, అది మూడే లాక్కుంటుంది. ఇంకో పిన్నుని తిరగడంతో పాటు పొడుగునా జారనివ్వండి, అది నాలుగు. ఐదూ ఐదూ మూడూ నాలుగూ పదిహేడు. పద్దెనిమిదిలో పదిహేడు పోతే ఒకటి. ఆ రాత్రి ప్రింటరు ఆగకుండా కొట్టుకుంది. నిద్ర రాలేదు. రన్ అయినందుకు కాదు. ఆ మడతపెట్టిన కాగితం ముక్క కళ్ళముందు నుంచి పోలేదు.

లగ్రాంజ్ 1788 నాటి తన గ్రంథంలో బొమ్మ ఒక్కటీ ఉండదని ముందుమాటలోనే గొప్పగా చెప్పుకున్నాడు. షరతులని సమీకరణాల్లో కలపడానికి మేం రోజూ వాడేది ఆయన గుణకాలే, ఆయన మీద గౌరవానికి లోటులేదు. కానీ ఆ మధ్యాహ్నం ఆయన మా ల్యాబ్‌లో ఉంటే బొమ్మల గురించి ఇంకోమాట అనేవాడనిపిస్తుంది.

* * *

మూడు దిక్కులకి వెళ్ళాక ఇంకో తలనొప్పి, తిరగడాన్ని రాసుకోవడం. ఆయిలర్ కోణాలు మూడింటితో మొదలుపెట్టాం. వస్తువు ఒక భంగిమకి రాగానే రెండు కోణాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి, హారంలో సున్నా వచ్చి, అంతా పేలిపోయేది. చివరికి నాలుగు అంకెల పద్ధతికి మారాం. ఆ నాలుగింటి వర్గాలూ కలిపితే ఒకటి కావాలి, అంతే షరతు. 1843లో గణితవేత్త హామిల్టన్‌కి డబ్లిన్‌లో కాలవ గట్టున నడుస్తుంటే తట్టి, వంతెన రాతి మీద చెక్కిన లెక్క తాలూకు సంతానమే ఇది. మా పెన్సిళ్ళకి అంత యోగం లేదు, బల్లల మీద గీసుకున్నాం.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం సార్ లావుపాటి పుస్తకానికి రబ్బరు బ్యాండ్ వేసి గాల్లోకి తిప్పి విసిరారు. నిలువు ఇరుసు మీద విసిరితే బుద్ధిగా తిరిగింది. అట్ట మధ్యలోంచి పోయే ఇరుసు మీదా అంతే. మూడోదాని మీద, తిప్పడానికి మరీ తేలికా మరీ కష్టమూ కాని ఆ నడిమి జడత్వపు ఇరుసు మీద, ఎంత జాగ్రత్తగా విసిరినా సగంలో పల్టీకొట్టి పడింది. అందరం తలోసారి విసిరాం. ఏడుగురు పెద్ద మనుషులం రాత్రి పుస్తకాలు విసురుకుంటుంటే వాచ్‌మన్ వచ్చి తొంగిచూసి పోయాడు.

"మరి మొదటి ఇరుసు భద్రమేనా?" అని అడిగారాయన. భద్రమే అన్నాం. అప్పుడు ఎక్స్‌ప్లోరర్ 1 కథ చెప్పారు. 1958లో అమెరికా పంపిన మొదటి ఉపగ్రహం. పెన్సిల్‌లా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. పొడవాటి ఇరుసు మీద గిర్రున తిప్పి వదిలారు. గట్టి వస్తువు అయితే అలాగే తిరుగుతుండాలి. కానీ దానికి నాలుగు మెత్తని తీగ యాంటెన్నాలున్నాయి. అవి వంగుతూ లేస్తూ కొంచెం కొంచెంగా శక్తిని తినేశాయి. కోణీయ ద్రవ్యవేగం మాత్రం పోయే దారి లేదు. గంటల్లోనే ఉపగ్రహం పక్కకి వాలి, చెయ్యి వదిలేసిన కర్రలా తలకిందులుగా దొర్లడం మొదలుపెట్టింది. అంతా "గట్టి ముక్క" అనుకున్నందుకు.

మర్నాటి నుంచి వంగే ముక్కల మీద పని మొదలైంది. అది ఇంకో రెండు థీసిస్‌లు తినేసింది. వాటి గురించి రాస్తే ఈ పోస్టు తెమలదు.

* * *

తర్వాత తెర మీద రంగుల బొమ్మలు కదలడం వచ్చింది. అంతకుముందు మాకు యానిమేషన్ అంటే ప్లాటరు గీసిన పుల్లబొమ్మల కాగితాలు దొంతర పెట్టి బొటనవేలితో టపటపా తిప్పడమే. పెన్నులో సిరా ఎండిపోతే మధ్యలో క్రేను మాయమయ్యేది.

రంగులొచ్చాక చూడ్డానికొచ్చేవాళ్ళు పెరిగారు. ఒకరోజు బయటివాళ్ళ ముందు ఎత్తు నుంచి యంత్రం పడే దృశ్యం వేశాం. ఎంత నాజూకుగా, దూదిపింజలా పడిందో! వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. స్లో మోషన్ అనుకున్నారు. కాదు. కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఇచ్చి గురుత్వాన్ని 9.81గానే ఉంచేశాం. అది 9810 కావాలి. వెయ్యి రెట్లు తక్కువ గురుత్వంలో ముప్ఫై రెట్లు నెమ్మదిగా పడింది. వాళ్ళు వెళ్ళేదాకా సార్ ఏమీ అనలేదు. వెళ్ళాక "లోలకం ఊపారా?" అన్నారు. ఊపలేదు.

* * *

జట్టు ఎప్పుడు చెదిరిందో తేదీ అంటూ లేదు. రెడీమేడ్ ప్యాకేజీలొచ్చాయి, సొంతంగా రాయడం ఎందుకన్నారు. అదీ న్యాయమే. మేం ఐదు నెలలు కొట్టుకున్నది ఇప్పుడు పది నిమిషాల పని. ఒకరు రైలు చక్రాల వైపు వెళ్ళారు, ఒకరు కృత్రిమ మోకాళ్ళ వైపు, ఐదూ ఇరవై పోట్లాటవాళ్ళు పెళ్ళి చేసుకుని రోబోల వైపు. సార్ పోయిన కబురు నాకు వారం ఆలస్యంగా తెలిసింది.

బీరువా దగ్గర నాతోపాటు లిస్టు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు ఇప్పుడక్కడ రీసెర్చ్ చేస్తున్నాడు. మాటల్లో తన లాప్‌టాప్ తెరిచి, తన మెకానిజం చూపించాడు. మూడు దిక్కుల్లో, నీడలతో సహా, ముద్దొచ్చేలా తిరుగుతోంది. బేరింగుల మీద భారాలు పట్టికలో ఉన్నాయి. ఒక బేరింగులో కొన్ని గడులు సున్నా.

"ఇక్కడ సున్నా ఎందుకొచ్చింది బాబూ?" అన్నాను.

"అక్కడ లోడ్ పడట్లేదేమో మేడమ్."

ప్రోగ్రాం తను చేసినవన్నీ రాసుకునే లాగ్ ఫైలు తెరవమన్నాను. ఎప్పుడూ తెరిచినట్టు లేడు, వెతుక్కున్నాడు. పద్నాలుగో వరసలో ఉంది: రెండు షరతులు అదనంగా ఉన్నాయి, తీసేశాను అని. మా కాలంలో కర్, కర్ మని ఆగిపోయేది. ఇప్పుడది మర్యాదగా, నిశ్శబ్దంగా తనకి తోచిన రెండు తీసేసి, తీసేసినచోట సున్నా రాసి, పని కానిచ్చేస్తోంది. ఆ సున్నా నమ్మి బేరింగు ఎంచుకుంటే ఏమవుతుందో అతనికి అర్థమైంది. మొహం మారింది.

చేతిలో ఉన్న బొమ్మ అతనికిచ్చి తిప్పమన్నాను. పావు చుట్టు తిరిగి బిగుసుకుపోయింది.

వంగి చూశాను. దిమ్మ కింద పసుపు పచ్చగా మారిన కాగితం మడత. చిల్లుల పట్టీ. ఆ రోజు తర్వాత ఎవరూ తీయలేదన్న మాట. లేదా తీసి, తర్వాతి బ్యాచ్ కోసం ఆయనే మళ్ళీ పెట్టి ఉంటారు.

"సామాను పేరు ఏమని రాయమంటారు మేడమ్? ఇక్కడ పనిచేస్తుందా లేదా అని కూడా ఒక గడి ఉంది."

ఆ గడి ఖాళీగా ఉంచమని, స్పానర్ ఉందేమో చూడమన్నాను. వెతకడానికి వెళ్ళాడు. నేను వేలికంటిన చమురు రుమాలుకి తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాను.